గ్రీన్ బుక్ వెంట ఆరు రోజులు

మొదటి రోజు

పినాకిని ఎక్స్‌ప్రెస్ తెనాలికి వచ్చేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. అక్క విజయవాడలోనే ఎక్కి నాకు కిటికీ సీటు ఆపి ఉంచింది. సొంత అక్క కాదు. ఇరవై ఏళ్ల కిందట నేను కౌన్సెలర్‌గా చేరిన కొత్తలో, హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రమైన ఐసీటీసీని ఇంకా వీసీటీసీ అనే రోజుల్లో, నా టేబుల్ ముందు కూర్చుని గంటసేపు మాట్లాడకుండా ఉండిపోయిన మనిషి. ఇప్పుడు హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల సంఘమైన పాజిటివ్ నెట్‌వర్క్‌లో నాకంటే బాగా కౌన్సెలింగ్ చేస్తుంది. "రాసుకో, పేరు మాత్రం వద్దు" అంది. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం అడగకుండా ఒకరి సంగతి బయటపెట్టకూడదు. చట్టం లేనప్పుడూ అది పెద్దమనిషి తరహా కాదు.

మాతో మూడో మనిషి హైదరాబాద్ నుంచి వచ్చిన ఎంపీహెచ్ (ప్రజారోగ్యం కోర్సు) కుర్రాడు. ల్యాప్‌టాప్, రెండు ఛార్జర్లు, నిద్రమొహం.

ఈ ప్రయాణం ఎందుకో ముందు చెప్పాలి. మిరప కోతల కాలం వచ్చిందంటే ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు చేలకి వచ్చి గుడారాలేసుకుంటాయి. వాళ్లలో హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడేవాళ్లూ ఉంటారు. తెచ్చుకున్న డబ్బా అయిపోతుంది. ఇక్కడి సెంటర్‌కి వెళ్తే గ్రీన్ బుక్, అంటే వాళ్ల మందుల వివరాలు రాసే పుస్తకం, అడుగుతారు. ఆ పుస్తకమేమో సొంతూళ్లో, ఎవరి కంటా పడకుండా బియ్యం డబ్బా అడుగున ఉంటుంది. ఇంకేముంది, మందు ఆగిపోతుంది. అక్కడి రిజిస్టరులో ఆ పేరు పక్కన ఎల్ఎఫ్‌యూ అని పడుతుంది. మనిషి తప్పిపోయాడని దానర్థం. ఎక్కడికీ పోలేదు, మా మండలంలో మిరపకాయలు కోస్తున్నాడు.

ఒక్క గుంటూరు సంగతి అయితే మేమే చూసుకునేవాళ్లం. చెన్నైలో బిల్డింగ్ పనులకి, బెంగళూరులో అపార్ట్‌మెంట్ల దగ్గర వాచ్‌మన్ పనికి వెళ్లినవాళ్లదీ ఇదే కథ. అందుకని ఈ చోట్లన్నిటా పనిచేసే కౌన్సెలర్లు, నెట్‌వర్క్ వాళ్లు, ల్యాబ్ వాళ్లు, పరిశోధన చేసేవాళ్లు కొందరు ఒకరినొకరు ముఖాముఖి చూసుకోవాలనుకున్నాం. దీనికి బ్యానర్ లేదు, ఇంకా పేరూ పెట్టలేదు.

ఒంగోలు దాటాక కుర్రాడికి మెలకువ వచ్చింది. "మేడం, డేటా ఆల్రెడీ పోర్టల్‌లో ఉంటుంది కదా, మనం తిరగడం దేనికి?" అన్నాడు. మంచి ప్రశ్నే. అప్పుడు వాడికి మా జిల్లా కథ చెప్పాను.

ఒకప్పుడు ఏ జిల్లాలో ఎంతమందికి హెచ్‌ఐవీ ఉందో తేల్చడానికి సర్కారీ ఆసుపత్రికి వచ్చే గర్భిణుల రక్తపరీక్షలే ప్రధాన ఆధారం. 2004-05లో లలిత్ దండోనా బృందం గుంటూరు జిల్లాలో ఊళ్లూ వాడలూ తిరిగి, 15 నుంచి 49 ఏళ్ల వయసున్న 12,617 మందిని పరీక్షించింది. 1.72 శాతం అని తేలింది. తక్కువేమీ కాదు. కానీ పాత పద్ధతిలో వేసిన అంచనా దానికి దాదాపు రెండున్నర రెట్లు ఉంది! పాజిటివ్ అని తెలిసిన గర్భిణిని ప్రైవేటు వాళ్లు పెద్దాసుపత్రికి పంపేసేవాళ్లు, పేదవాళ్లు ఎటూ అక్కడికే వెళ్లేవాళ్లు. అలా కష్టమంతా ఒక్క గుమ్మం ముందు పోగుపడింది. ఆ గుమ్మం దగ్గర లెక్కపెట్టి జిల్లా అంతా ఇంతే అనుకున్నారు. తర్వాత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా ఇళ్లకు వెళ్లి పరీక్షలు చేసింది. 2007లో దేశం మొత్తం అంచనా 52 లక్షల నుంచి దాదాపు 25 లక్షలకు దిగింది.

"ప్రైవేటు వాళ్లు పంపేస్తున్నారని మీకు ముందే తెలుసా?" అని అడిగాడు.

"కౌంటర్ దగ్గర కూర్చున్న అందరికీ తెలుసు. మమ్మల్ని అడిగినవాళ్లు లేరు."

గూడూరులో ఇడ్లీలు కొన్నాం. చట్నీ పులిసింది. అక్క మాత్రం నాలుగూ తినేసింది.

రెండో రోజు, చెన్నై

మీటింగు ఒక కాలేజీ హాల్లో. ఏసీ ఎక్కువ, మైకు తక్కువ. పొద్దున సెషన్ అంతా ఇంగ్లీషులో నడిచింది. తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే ఫీల్డ్ వర్కర్లు వెనక వరుసల్లో సర్దుకున్నారు, మామూలే.

పనికొచ్చిన విషయం ఒకటి ఉంది. మందు ఆగితే ఎందుకంత ప్రమాదమో చెప్పడానికి ఒక డాక్టరుగారు హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనం ఎత్తుకున్నారు. భార్యాభర్తల్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని 1,763 జంటలు, తొమ్మిది దేశాలు, అందులో మన చెన్నై, పుణే కూడా. 2011లో వచ్చిన తొలి ఫలితాల్లో, మందు వెంటనే మొదలుపెట్టినవాళ్ల నుంచి జీవిత భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గింది. వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) పరీక్షకు అందనంత తక్కువలో ఉంటే శృంగారం ద్వారా వైరస్ అంటుకోదని ఇవాళ మేం ధైర్యంగా చెబుతున్న మాటకి పునాదుల్లో ఇదొకటి. మా దగ్గరికొచ్చే కొత్త జంటలకి నేను రోజూ చెప్పే మాట పక్క ఊళ్లో, మనలాంటివాళ్ల ఓపికతో రుజువైందని నాకు చాలా ఏళ్లు తెలియదు. లెక్కలు పైకి వెళ్తాయి, కిందికి రావు. మా మండలంలో ఒకసారి ఎవరో సర్వే అని వచ్చి, మూడు ఊళ్లలో మనిషికి నలభై ప్రశ్నలు అడిగి వెళ్లారు. ఏం తేలిందో ఈ రోజుకీ చెప్పలేదు. ఇప్పుడు ఆ ఊళ్లలో ఎవరైనా ఫారం తీస్తే జనం తలుపులేసుకుంటారు.

మధ్యాహ్నం ఒక స్లైడ్ పడింది. మందులు ఆపేసినవాళ్ల శాతాలు, రంగురంగుల గీతలు. అక్క చెయ్యెత్తింది. తెలుగులోనే అడిగింది:

"వీళ్లకి ఫోన్ చేసిందెవరండీ?"

పక్కనున్న తమిళావిడ, కొన్నాళ్లు నెల్లూరులో ఉన్న మనిషి, తర్జుమా చేసింది. ఫోన్లు చేశామని, చాలా నంబర్లు పనిచెయ్యలేదని జవాబు వచ్చింది.

"అవి పాత నంబర్లు. కొత్తవి మా దగ్గరుంటాయి. మమ్మల్ని అడిగితే ఇచ్చేవాళ్లం, వాళ్లని అడిగి."

"వాళ్లని అడిగి" అన్న రెండు మాటల్నీ నొక్కి పలికింది. స్లైడ్ వేసిన అమ్మాయి దాన్ని నోట్‌బుక్‌లో రాసుకుంది. టీ టైములో తనే మా దగ్గరికొచ్చి, అక్క పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ రోజు మీటింగంటే నా మట్టుకు ఆ టీ టైమే. వాట్సాప్ గ్రూపు పెడదామని ఎవరో అంటే, అందులో పేషెంట్ పేర్లు, ఫొటోలు పెట్టకూడదని, ఏదున్నా విడిగా ఫోన్లోనే మాట్లాడుకోవాలని అక్కడే తేల్చాం. డేటా ఎవరిది, వ్యాసం రాస్తే ఎవరి పేర్లు వేస్తారు అన్నది మాత్రం తెగలేదు. కొంచెం గొంతులు కూడా లేచాయి. లేవనీ, ఇప్పుడే లేవాలి.

మూడో రోజు, తాంబరం

ప్రోగ్రాంలో ఇది లేదు. అక్క అడిగింది, వెళ్లాం.

లోకల్ ట్రెయిన్లో తాంబరం శానటోరియం అని స్టేషనే ఉంది. క్షయ ఆసుపత్రి పేరు స్టేషన్‌కి పడింది. ఆ ఆసుపత్రిని 1928లో చౌరీ ముత్తు అనే డాక్టరు మొదలుపెట్టారు. హెచ్‌ఐవీ వచ్చాక, చాలాచోట్ల మంచం ఇవ్వని రోజుల్లో, ఇక్కడ ఇచ్చారు. ఒంగోలు, నెల్లూరు, చిత్తూరు వైపుల నుంచి మనవాళ్లు రైలెక్కి ఇక్కడికే వచ్చేవాళ్లు. ఆ తరంలో "తాంబరం వెళ్లాడట" అంటే ఊళ్లో ఇంకేం చెప్పక్కర్లేదు.

చెట్లు పెద్దవి. అక్క లోపలికి రాలేదు. గేటు బయట చెట్టు నీడన నిలబడి మాట్లాడింది.

"వార్డులో ఎటు చూసినా తెలుగే వినపడేది. ఒకావిడ మా ఆయనకీ వాళ్లాయనకీ కలిపి జావ కాసేది. చీరాల వాళ్లు. మళ్లీ కనపడలేదు."

భర్త 2003 ఆగస్టులో పోయాడు. కేంద్ర ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. ముందుగా మొదలైన ఎనిమిది ఆసుపత్రుల్లో తాంబరం ఒకటి. అక్క వేళ్ల మీద నెలలు లెక్కపెట్టింది. ఇదివరకు ఎన్నిసార్లు పెట్టిందో తెలియదు, మళ్లీ పెట్టింది. ఎనిమిది దగ్గర ఆగింది.

కుర్రాడు ఫోన్ జేబులో పెట్టేసి చెట్టు వైపు తిరిగి నిలబడ్డాడు. వాడి మీద నాకు అభిమానం అక్కడ మొదలైంది.

తిరిగొచ్చేటప్పుడు వాడికి చేట్‌పట్‌లోని క్షయ పరిశోధన సంస్థ గురించి చెప్పాను. 1950ల చివర్లో అక్కడివాళ్లు, క్షయ ఉన్నవాళ్లని శానటోరియంలో పెట్టి మందిచ్చినా ఇంటి దగ్గరే ఉంచి మందిచ్చినా గుణం ఇంచుమించు ఒకటేనని చూపించారు. మద్రాసు బస్తీల్లో, ఇరుకు ఇళ్లలో తేల్చిన మాట అది. ఇళ్లకు వెళ్లి మందు వేసుకున్నారో లేదో చూసినవాళ్లు లేకపోతే ఆ పరిశోధనే లేదు. ఇప్పుడు మనం ఓఆర్‌డబ్ల్యూ (ఇళ్లకు వెళ్లి పలకరించే ఔట్‌రీచ్ వర్కర్), లింక్ వర్కర్ అని పిలుస్తున్నవాళ్ల తాతముత్తాతలు వాళ్లు.

నాలుగో రోజు, వెల్లూరు

కాట్పాడి దాకా బృందావన్ ఎక్స్‌ప్రెస్. ఈ దారిలోనే 1986 ఫిబ్రవరిలో సెల్లప్పన్ నిర్మల అనే 32 ఏళ్ల విద్యార్థిని రక్తం సాంపిళ్లు పట్టుకుని వెళ్లింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఆమె గైడు సునీతి సోలొమన్. సెక్స్ వర్కర్ల రక్తం పరీక్షించి మన దేశంలో ఎయిడ్స్ ఉందో లేదో చూడమంటే, నిర్మలకి సెక్స్ వర్కర్లు ఎక్కడుంటారో కూడా తెలియదు. భర్త స్కూటర్ మీద దింపేవాడు. సేకరించిన రక్తం ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకుంది, ఇంకెక్కడ పెట్టాలో తెలియక. మద్రాసులో పరీక్ష సౌకర్యం లేదు. వెల్లూరు సీఎంసీలో (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) జేకబ్ జాన్ ల్యాబ్‌లో పరీక్షిస్తే ఆరు సాంపిళ్లు పసుపు రంగుకి తిరిగాయి. దేశంలో హెచ్‌ఐవీ ఉందని అలా తెలిసింది. సునీతి సోలొమన్ తర్వాత 1993లో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల కోసం వైఆర్‌జీ కేర్ పెట్టారు.

కథ అందరికీ తెలిసిందే. నాకు అందులో నచ్చేది స్కూటరూ, ఫ్రిజ్జూ. ఒక ఊరి కాలేజీకి ఇంకో ఊరి ల్యాబ్ తలుపు తీసింది. ప్రాజెక్టు పేరు ఎవరూ అడగలేదు.

వెల్లూరులో మేం కలిసింది రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్ ఒకాయన్ని. చిత్తూరు జిల్లా మనిషి, అందరూ మాస్టారు అంటారు. పసిపిల్లల పరీక్ష కోసం ఎండిన రక్తపు చుక్కల కార్డు ఎలా చెయ్యాలో కుర్రాడికి చూపించారు. మందపాటి అట్ట కాగితం మీద ఐదు గుండ్రాలు. పసిబిడ్డ మడమ గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి, రెండోది దానంతటది గుండ్రం నిండేలా పడనివ్వాలి. ఒకే గుండ్రంలో చుక్క మీద చుక్క వెయ్యకూడదు. అట్ట పట్టుకున్న వేలు గుండ్రానికి తగలకూడదు. ఎండలో కాకుండా, నీడన ఆరాలి. ఎర్రగా ఉన్నది ముదురు గోధుమ రంగుకి వచ్చేదాకా కదపకూడదు. ఆరాక పల్చటి గ్లాసిన్ కవర్లో పెట్టి, తేమ పీల్చే పొట్లం వేసి, పోస్టులో పంపొచ్చు. ఐసు పెట్టె అక్కర్లేదు.

"ఎక్కడ పాడవుతుందో తెలుసునా నాయనా?" అన్నారు మాస్టారు. "ఆరకముందే మడిచేస్తారు. సాయంత్రం బస్సుకి అందాలని తొందర."

ఆ తొందర మాకూ తెలుసు. ల్యాబ్ ఎంత గొప్పదైనా సాంపిల్ బయల్దేరేది ఒక నర్సమ్మ బస్సు టైము చూసుకునే చోటు నుంచే. ల్యాబ్ వాళ్లు "రిజెక్టెడ్" అని ముద్ర కొట్టి పంపే బదులు, ఫోన్ చేసి కారణం చెబితే చాలని అక్క అంది. మాస్టారు తన నంబరు రాసిచ్చారు. రిటైరైన మనిషి!

ఐదో రోజు, బస్సులో

చిత్తూరు, మదనపల్లె, కదిరి మీదుగా బత్తలపల్లి. రోజంతా బస్సే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం బోర్డు కనపడింది, వందేళ్లు దాటిన క్షయ ఆసుపత్రి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లని ఎక్కువగా తీసుకుపోయేది ఇప్పటికీ క్షయే కాబట్టి దిగి చూడాలనిపించింది, కుదరలేదు. కదిరికి ఇవతల టైరు పంక్చరైంది. రెండు గంటలు వేరుశనక్కాయలు తింటూ రోడ్డు పక్కన కూర్చున్నాం.

మళ్లీ కదిలాక చీకట్లో కోడి కూసింది. తొమ్మిదింటికి అక్క ఫోన్ అలారం అది.

"ఎవరిదమ్మా ఆ కోడి?" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. అక్కా నవ్వింది. నవ్వుతూనే సంచీలోంచి డబ్బా తీసి, ఒక మాత్ర, రెండు గుక్కల నీళ్లు. పక్క సీట్లో ఆవిడ "బీపీనా?" అంటే "ఆఁ" అంది.

ఆ డబ్బా కుదిపినా చప్పుడు కాదు. ముప్ఫై మాత్రల ప్లాస్టిక్ డబ్బా నడుస్తుంటే గిలక్కాయలా మోగుతుంది. ఆ మోతకి భయపడి మందు మానేసినవాళ్లని నేను చూశాను. అక్క కొత్త డబ్బా తెరవగానే మాత్రల మీద దూది కూరుతుంది, పై కాగితం చింపేస్తుంది. ఈసారి కాగితం ఇంకా చింపలేదు. కుర్రాడు ఫోన్ లైటులో చదివాడు. చిరునామా హైదరాబాద్‌ది. "మేడం, ఇది మా ఇంటికి పది కిలోమీటర్లు" అన్నాడు. డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు కలిసిన ఈ మూడు మందుల మాత్ర పేద దేశాలకి మనిషికి ఏడాదికి దాదాపు 75 డాలర్లకే అందేలా 2017లో ఒప్పందం కుదిరింది. చేసే కంపెనీల్లో ముందున్నవి కొన్ని హైదరాబాద్, విశాఖల చుట్టుపక్కలే ఉన్నాయి. ఆఫ్రికాలో ఎవరో అమ్మాయి తినే మాత్ర మన దగ్గర తయారవుతుంది, మన ఆదోని మనిషి గుంటూరు చేలో అది దొరక్క కూర్చుంటాడు.

ఆరో రోజు, బత్తలపల్లి

1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వాళ్ల ఆసుపత్రి ఇక్కడ ఉంది. అంటువ్యాధులకి వేరే విభాగం ఉంది. పరిశోధకులకి ఇది విన్సెంట్ ఫెర్రర్ హెచ్‌ఐవీ కోహోర్ట్‌గా (ఏళ్ల తరబడి గమనిస్తున్న పేషెంట్ల బృందంగా) తెలుసు. ఇక్కడ వైద్యం చేసినవాళ్లే తమ పేషెంట్ల రికార్డుల నుంచి, పరీక్షలో తేలిన నాటి నుంచి వైరస్ అదుపులోకి వచ్చేదాకా ఏ మెట్టు మీద ఎంతమంది జారిపోతున్నారో లెక్కగట్టి అంతర్జాతీయ పత్రికల్లో రాశారు. పరిశోధన కోసం ప్రత్యేకంగా ఫారం పట్టుకుని ఎవరి ఇంటికీ వెళ్లలేదు, రోజువారీ కార్డులే ఆధారం. మా పేషెంట్ల రికార్డులైన వైట్ కార్డులు బీరువాల్లో దుమ్ము పడుతుంటాయి కదా, ఇది చూస్తే కొంచెం సిగ్గేసింది.

మధ్యాహ్నం దగ్గర్లోని ఒక ఊళ్లో, వేపచెట్టు కింద, నెట్‌వర్క్ వాళ్లతో కూర్చున్నాం. కోతలకి గుంటూరు పోయేవాళ్ల లెక్క అడిగాం. ఒక పెద్దాయన "ఏమప్పా, మీరు గుంటూరోళ్లా? మీ తాన బుక్కు లేకుంటే మందీరంట గదా" అని నిలదీశాడు. తప్పు మాదే, ఒప్పుకున్నాం.

గ్రీన్ బుక్ మొదటి పేజీ ఫొటో తీసి ఫోన్లో పెట్టుకుంటే సరి అన్నాడు కుర్రాడు. "ఫోన్ పిల్లోళ్లే సూస్తారు కదప్పా" అంది ఒకావిడ. సోచ్ అని దేశమంతటి హెచ్‌ఐవీ రికార్డుల పోర్టల్ ఉంది, నంబరు కొడితే ఎక్కడివాళ్ల వివరాలైనా రావాలి. నంబరు గుర్తుండాలి కదా! చాలాసేపు ఎటూ తేలలేదు. చివరికి ఆవిడే తన చిన్న ఫోన్ తీసి చూపించింది. కాంటాక్టుల్లో "గ్యాస్ బుకింగ్" అని ఉంది. అందులో ఉన్నది ఫోన్ నంబరు కాదు, ఆమె ఏఆర్‌టీ నంబరు. మూడేళ్లుగా అలాగే పెట్టుకుందట.

కుర్రాడు ల్యాప్‌టాప్ మూసేశాడు. వాడి ప్రశ్నావళిలో ఈ ప్రశ్న లేదు. డిసెంబరు రాగానే "ఈసారి కోతలకి పోతున్నారా?" అని అడగాలని, పోయేవాళ్లకి మూడు నెలల మందు ముందే ఇప్పించాలని, ఏఆర్‌టీ నంబరు ఆ గ్యాస్ బుకింగ్‌లా వేరే పేరుతో దాచుకోమని చెప్పాలని అనుకున్నాం. తర్వాత మందు మానేసినవాళ్లు తగ్గారో లేదో వచ్చే ఏడాది చూడాలి. ఆ లెక్క ముందు ఈ చెట్టు కిందకే తీసుకురావాలని పెద్దాయన షరతు పెట్టాడు. వ్యాసం రాసినా, రాయకపోయినా.

ధర్మవరంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అక్క కోడి రైల్లో కూడా కూసింది, ఈసారి ఎవరూ నవ్వలేదు, అందరూ ఫోన్లలో ఉన్నారు.

తెల్లారి గుంటూరులో దిగి ఇంటికెళ్లి స్నానం చేస్తుంటే ఫోన్ మోగింది. చెన్నైలో స్లైడ్ వేసిన అమ్మాయి. ఇంగ్లీషు, తమిళం కలిపి మాట్లాడింది. మీ వైపు మనిషి ఒకరు ఇక్కడికి వచ్చారు, కూలి పని, బుక్ లేదు, మాత్రలు రెండే మిగిలాయి, నంబరు చెబుతున్నాడు కానీ పోర్టల్‌లో రావడం లేదు, మీరొకసారి చూస్తారా?

తడి చేత్తోనే రాసుకున్నాను. చదివితే ఒక అంకె తక్కువ.

"ఇంకోసారి అడుగమ్మా," అన్నాను, "చివరిది మర్చిపోయినట్టున్నాడు. లైన్లోనే ఉంటాను."